పనిని బట్టి కెమెరా

వృత్తి కోసం తయారైన వీడియో కెమెరా మూడు విషయాల్లో ఇంట్లో వాడుకునే కెమెరాకు భిన్నంగా ఉంటుంది. వెలుతురు, ఫోకస్, రంగు, ధ్వని అన్నీ చేతికి అందే రింగుల మీద, మీటల మీద ఉంటాయి; మెనూలో వెతుక్కునే పని ఉండదు. బయటి మైకు, మానిటర్, మిక్సర్ కేబుళ్లు ఊడిపోకుండా గట్టిగా పట్టుకునే కనెక్టర్లు ఉంటాయి. అన్నిటికీ మించి, గంటల తరబడి ఆగకుండా రికార్డు చేస్తుంది. పగటి వెలుగులో తీసిన బొమ్మ వరకైతే మంచి ఫోన్ కూడా ఇప్పుడు దీనికి దగ్గరగా వస్తోంది. అర్ధరాత్రి ముహూర్తానికి మండపంలో నాలుగైదు గంటలు ఏకబిగిన పని చేయమంటే మాత్రం ఫోన్ వల్ల కాదు.

హెచ్‌డీ అనేది బొమ్మలోని చుక్కల లెక్క. పాత పాల్ పద్ధతి టీవీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 పిక్సెళ్లు ఉండేవి. పూర్తి హెచ్‌డీలో అవి 1920, 1080. మొత్తం చుక్కలు ఐదింతలయ్యాయన్నమాట. దుకాణాల్లో 4కె అని చెప్పేది 3840, 2160, హెచ్‌డీకి నాలుగింతలు. టీవీ స్టూడియోలకే పరిమితమైన హెచ్‌డీ, చిన్న వీడియోగ్రాఫర్ చేతికి రావడానికి దారి వేసింది హెచ్‌డీవీ. 2003లో సోనీ, జేవీసీ, కానన్, షార్ప్ కలిసి ప్రకటించిన ఈ ప్రమాణం మామూలు మినీడీవీ టేపు మీదే హెచ్‌డీ బొమ్మను రికార్డు చేసింది. 2004లో సోనీ ఎఫ్‌ఎక్స్1, ఆ వెంటనే దాని వృత్తి రూపమైన జడ్1 వచ్చాయి. 2005లో పానాసోనిక్ హెచ్‌వీఎక్స్200 హెచ్‌డీ బొమ్మను పీ2 అనే మెమరీ కార్డు మీద రికార్డు చేసింది. 2007లో వచ్చిన సోనీ ఈఎక్స్1లో టేపు జాడే లేదు.

2008లో కానన్ 5డి మార్క్ 2 వచ్చి ఈ వరుసను మార్చేసింది. అది స్టిల్ కెమెరా. ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్‌తో పూర్తి హెచ్‌డీ వీడియో కూడా తీసింది. మొదట్లో సెకనుకు 30 ఫ్రేములే తీసేది. 2010లో కొత్త సాఫ్ట్‌వేర్‌తో 24, 25 ఫ్రేములు కూడా వచ్చాయి. 2011లో రామ్‌గోపాల్‌వర్మ ‘దొంగల ముఠా’ చిత్రీకరణను 5డి కెమెరాలతో ఐదు రోజుల్లో ముగించారు. మనిషి వెనక దృశ్యం మెత్తగా కరిగిపోయే ఆ బొమ్మ పెళ్లి వీడియోల తీరునే మార్చింది. అయితే ఆ కెమెరాకు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు కనెక్టర్లు లేవు, ఎండను తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు లేవు, పన్నెండు నిమిషాల దగ్గర షాటు తెగిపోయేది. ఈ లోట్లు తీర్చడానికే, 2011 చివర్లో ప్రకటించిన కానన్ సి300 వంటి పెద్ద సెన్సర్ వీడియో కెమెరాలు వచ్చాయి. ఇవాళ దుకాణంలో కనిపించే రకాలన్నీ ఆ నాలుగైదేళ్ల మథనం నుంచి పుట్టినవే.

మూడు దారులు

కొనబోయే వారి ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి. లెన్స్ బాడీకే బిగించి ఉండే క్యామ్‌కార్డర్ మొదటిది. సోనీ ఎన్‌ఎక్స్100, జడ్90, కానన్ ఎక్స్‌ఏ వరుస వంటివి ఈ కోవలోవి. లెన్స్ మార్చుకోగల సినిమా కెమెరా రెండోది. సోనీ ఎఫ్‌ఎక్స్6, కానన్ సి70 దీనికి ఉదాహరణలు. మూడోది వీడియో బాగా తీసే మిర్రర్‌లెస్ స్టిల్ కెమెరా. కొత్తగా వృత్తిలోకి వచ్చే కుర్రాళ్లు దాదాపు ఆలోచించకుండా మూడోదాని వైపు వెళ్తారు. చిన్నది, అందమైన బొమ్మ, ధర అందుబాటులో. అయినా పని ఏమిటో చూడకుండా ఆ నిర్ణయం తీసుకోవడం పొరపాటు.

సభలు, ప్రవచనాలు, కూచిపూడి అరంగేట్రాలు, వార్తలు, ఆగకుండా సాగే పెళ్లి తంతు ఇవన్నీ క్యామ్‌కార్డర్ పనులు. హాలు చివర నుంచి వేదిక మీది ముఖం దాకా ఒకే లెన్స్‌తో జూమ్ చేయవచ్చు. జూమ్ మీట మెత్తగా కదులుతుంది. దగ్గరకు లాగినా దూరంగా తోసినా ఫోకస్ చెదరదు. స్టిల్ లెన్సుల్లో చాలావాటికి ఈ గుణం ఉండదు. పైగా చాలా స్టిల్ కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయేలా తయారయ్యేవి. ఐరోపా సమాఖ్య సుంకాల లెక్కలో అరగంట ఆగకుండా రికార్డు చేసే పరికరం వీడియో కెమెరా కిందకు వచ్చి పన్ను పెరగడమే దానికి కారణం. కొత్త బాడీల్లో ఆ పరిమితి చాలావరకు పోయింది. వేడి మాత్రం పోలేదు. ఫ్యాను లేని చిన్న బాడీ మే నెల ఎండలో 4కె రికార్డు చేస్తూ వేడెక్కి ఆగిపోవడం ఇప్పటికీ జరుగుతుంది. ప్రకటనలు, పొట్టి చిత్రాలు, ఇంటర్వ్యూలు, డాక్యుమెంటరీలు తీసేవారికి మాత్రం పెద్ద సెన్సర్ కెమెరా ఇచ్చే బొమ్మ క్యామ్‌కార్డర్‌లో దొరకదు.

సెన్సర్ పరిమాణం తెచ్చే తేడా ఏమిటో పెళ్లిలో స్పష్టంగా కనిపిస్తుంది. జీలకర్ర బెల్లం క్షణాన అడ్డుతెర తొలగుతుంది; వధూవరుల ముఖాలు రెండూ ఫ్రేములో ఉంటాయి, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. మధ్యలో పురోహితుడి చెయ్యి వస్తుంది. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద లెన్స్‌ను ఎఫ్1.8కు తెరిచి దగ్గరగా తీస్తే ఒక ముఖమే ఫోకస్‌లో ఉంటుంది. ఆటోఫోకస్ ఆ చేతి వెంట పోతే ఒక్క ముఖమూ మిగలదు. అదే దృశ్యాన్ని 13 మిల్లీమీటర్ల వెడల్పుండే ఒక అంగుళం సెన్సర్ క్యామ్‌కార్డర్‌తో తీస్తే ఇద్దరూ స్పష్టంగా వస్తారు. ముహూర్తానికి రీటేక్ లేదు కాబట్టి, ఇద్దరు మనుషులు రెండు రకాల కెమెరాలతో పని పంచుకోవడమే సరైన పద్ధతి. క్యామ్‌కార్డర్ స్టాండ్ మీద నిలిచి తంతు మొత్తాన్ని పట్టుకుంటుంది. పెద్ద సెన్సర్ కెమెరా చుట్టూ తిరుగుతూ ముఖాలను, చేతులను, పారాణి పాదాలను పట్టుకుంటుంది. ఒక్కరే తీయాల్సి వస్తే పెద్ద సెన్సర్ లెన్స్‌ను ఎఫ్4 లేదా ఎఫ్5.6కు మూసి తీయడం మేలు.

సెన్సర్ గురించి ఇంకో మాట. నేటి కెమెరాల్లో చాలావాటిలో ఉండే సీమాస్ సెన్సర్ బొమ్మను పై వరుస నుంచి కింది వరుస దాకా క్రమంగా చదువుతుంది. ఆ చదివే సమయంలో ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ వెలిగితే సగం ఫ్రేము తెల్లగా, సగం మామూలుగా వస్తుంది. పక్కకు వేగంగా ప్యాన్ చేస్తే స్తంభాలు వాలినట్టు కనిపించడానికీ ఇదే కారణం. పాత సీసీడీ కెమెరాల్లో ఈ ఇబ్బంది లేదు. మొత్తం సెన్సర్‌ను ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లోకి 2023లో ప్రకటించిన సోనీ ఏ9 3తో వచ్చింది. ఆ ధర ఇంకా అందరికీ అందేది కాదు. కొనే ముందు కెమెరాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, తలుపు అంచు ఎంత వాలుతోందో చూడడం తేలికైన పరీక్ష.

యాభై లెక్క

మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలతో వస్తుంది. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అందుకే ఇక్కడ తీసేవారు కెమెరాను 50 హెర్ట్జ్ వరుసలో పెట్టి, సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు ఎంచుకుని, షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర ఉంచాలి. బొమ్మలో నల్లని అలలు పాకకుండా ఉండడానికి ఇదే మందు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. అక్కడ 30 లేదా 60 ఫ్రేములు, 1/60 షట్టర్. ఒకప్పుడు అమెరికాలో స్థిరపడ్డ బంధువులు తెచ్చిచ్చిన క్యామ్‌కార్డర్లలో అనేకం 60 హెర్ట్జ్‌కే పరిమితమై ఉండేవి. వాటితో ఇక్కడి ఫంక్షన్ హాళ్లలో తీస్తే మినుకు తప్పేది కాదు. వృత్తి కెమెరాల్లో ఎక్కువ భాగం రెండు వరుసలకూ మారతాయి. పాతది కొనేటప్పుడు మెనూలో ఈ ఒక్క విషయం తప్పనిసరిగా చూసుకోవాలి.

మండపం వెనక ఎల్‌ఈడీ తెర ఉంటే 1/50 కూడా చాలకపోవచ్చు. ఆ తెరలు తమ సొంత లెక్కన మినుకుతాయి. షట్టర్‌ను చిన్న చిన్న అంకెల్లో జరుపుకునే సదుపాయం వృత్తి కెమెరాల్లో ఉంటుంది. క్లియర్ స్కాన్ అనో, ఈసీఎస్ అనో మెనూలో కనిపిస్తుంది. తెర మీద గీతలు మాయమయ్యేదాకా ఆ అంకెను జరపాలి.

25 ఫ్రేములకు 1/50 షట్టర్ పెట్టడానికి మరో కారణం కదలిక. షట్టర్ వేగం పెంచితే తలంబ్రాలు పోసే చేతులు అదురుతూ, తునకలు తునకలుగా కనిపిస్తాయి. 1/50 దగ్గర కదలికలో కంటికి అలవాటైన మసక ఉంటుంది. కాబట్టి ఎండ ఎక్కువైతే షట్టర్ పెంచడం వీడియోలో చివరి మార్గం కావాలి.

మొదటి మార్గం ఎన్‌డీ ఫిల్టర్. రంగు మార్చకుండా వెలుతురును మాత్రం తగ్గించే నల్లద్దం అది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/50 పెడితే లెన్స్‌ను ఎఫ్22 దాకా మూయాలి. ఎఫ్2.8కు తెరవాలంటే, ఒక్కో స్టాపుకు సగం చొప్పున, ఆరు స్టాపుల వెలుతురు తగ్గాలి. 1/64 ఎన్‌డీ సరిగ్గా ఆ పని చేస్తుంది. వృత్తి కెమెరాల్లో ఇది బాడీలోనే ఉంటుంది, మీట నొక్కితే వస్తుంది. ఎఫ్‌ఎక్స్6లో 1/4 నుంచి 1/128 దాకా క్రమంగా మారే ఎలక్ట్రానిక్ ఎన్‌డీ ఉంది. దాని తమ్ముడి వంటి ఎఫ్‌ఎక్స్3లో ఎన్‌డీ అసలు లేదు. ఆరుబయట పని చేసేవారికి ఈ ఒక్క తేడా ఆ రెండు కెమెరాల ధరల్లోని తేడాకు తగినదే. బాడీలో లేకపోతే లెన్స్ ముందు తిప్పుకునే వేరియబుల్ ఎన్‌డీ కొనాలి. మరీ చవకది కొంటే పసుపు రంగు ఎక్కుతుంది, వెడల్పు లెన్స్ మీద నల్లటి అడ్డుగీత పడుతుంది.

వెలుతురు, రంగు

కెమెరా తెర మీద బొమ్మ ఎలా ఉందో చూసి ఎక్స్‌పోజర్ నిర్ణయించడం నమ్మదగ్గ పద్ధతి కాదు. ఎండలో తెర చీకటిగా కనిపిస్తుంది, చీకట్లో ధగధగలాడుతుంది. అందుకే జీబ్రా ఉంది: నిర్ణీత స్థాయి దాటిన చోట బొమ్మ మీద చారలు వస్తాయి. చర్మానికి 70 శాతం అని విదేశీ పుస్తకాలు చెప్పే అంకె తెల్లని చర్మానికి సరిపోతుంది. చామనచాయ ముఖాన్ని 70 దాకా పెంచితే ఛాయ పాలిపోతుంది. పక్కనున్న మధుపర్కాల తెలుపు పూర్తిగా కాలిపోయి నేత, మడత ఏమీ మిగలవు. తెలుగు పెళ్లిలో కష్టం ఇదే. ముదురు ఛాయ ముఖాలు, తెల్లని బట్టలు, మెరిసే జరీ, హోమగుండం మంట ఒకే ఫ్రేములో ఉంటాయి. జీబ్రాను 95 లేదా 100 దగ్గర పెట్టి, తెల్లబట్ట మీద చారలు అప్పుడే పోయేంతవరకు ఎక్స్‌పోజర్ తగ్గించి, ముఖాలకు లైటు కాస్త ఎక్కువ ఇవ్వడం పనికొచ్చే పద్ధతి.

గెయిన్ పెంచడం అంటే సెన్సర్ ఇచ్చిన సంకేతాన్ని పెద్దది చేయడం. ప్రతి 6 డీబీకి ఒక స్టాపు. 18 డీబీ అంటే మూడు స్టాపులు. చిన్న సెన్సర్ కెమెరాల్లో ఆ పాటికి నీడల్లో ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. పెద్ద సెన్సర్‌కు ఇక్కడ స్పష్టమైన పైచేయి ఉంది. ఎఫ్‌ఎక్స్6కు ఐఎస్‌ఓ 800, 12800 అని రెండు సహజ స్థాయిలు ఉన్నాయి. రెండోదాని మీద దీపాల వెలుగులోనూ బొమ్మ శుభ్రంగా వస్తుంది.

వైట్ బ్యాలెన్స్ సంగతి తక్కువ మాటల్లో తేలుతుంది. పాత పసుపు హాలోజన్ లైట్లు 3200 కెల్విన్, పగటి వెలుగు 5600 కెల్విన్ చుట్టూ ఉంటాయి. మండపంలో రెండూ కలిసే ఉంటాయి. ఆటోలో వదిలేస్తే షాటు మధ్యలో రంగు మారుతుంది, ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం నరకం. ముఖాల మీద పడుతున్న లైటు ముందు తెల్ల కాగితం పెట్టి మాన్యువల్‌గా సెట్ చేసి, మళ్లీ లైటు మారేదాకా ముట్టుకోకూడదు. రెండు మూడు కెమెరాలుంటే అన్నింటికీ ఒకే కాగితం, ఒకే చోటు.

రికార్డింగ్ మెనూలో కనిపించే 8 బిట్, 10 బిట్ అంకెల అర్థం సులభం. 8 బిట్‌లో ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు. 10 బిట్‌లో 1024. రికార్డయిన రంగునే ఇచ్చేసే పనికి 8 బిట్ చాలు. లాగ్‌లో తీసి తర్వాత రంగులు దిద్దాలనుకుంటే 10 బిట్ తప్పనిసరి. లాగ్ అంటే ఎండనూ నీడనూ రెంటినీ నిలుపుకోవడానికి బొమ్మను వెలిసినట్టు రికార్డు చేసే పద్ధతి. 8 బిట్ మీద లాగ్ తీసి రంగు లాగితే ఆకాశం పొరలు పొరలుగా చీలుతుంది. వారంలో మూడు ఫంక్షన్లు తీసి ఆ వారంలోనే ఇచ్చేవారికి లాగ్ అనవసర భారం. ఒక పొట్టి చిత్రానికి నెల రోజులు రంగు దిద్దేవారికి అది ప్రాణం. ఇక 4కె విషయం: ఇచ్చేది హెచ్‌డీ అయినా 4కెలో తీస్తే ఎడిటింగ్‌లో ఫ్రేమును దగ్గరకు కోసుకోవచ్చు. లైటు లేకుండా తీసిన 4కె కన్నా మంచి లైటులో తీసిన హెచ్‌డీ ఎప్పుడూ మేలే.

ధ్వని

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు. మాట వినపడకపోతే ఛానల్ మార్చేస్తాడు. అయినా కెమెరాకు లక్షలు పెట్టి, మైకుకు వేలు కూడా పెట్టని వారే ఎక్కువ. కెమెరా మీది మైకు చుట్టుపక్కల గోలంతా పట్టుకుంటుంది. మాట శుభ్రంగా రావాలంటే మైకు నోటికి దగ్గరగా ఉండాలి. దీనికి ప్రత్యామ్నాయం లేదు. ఇంటర్వ్యూకు కాలర్ మైకు, నడిచే మనుషులకు వైర్‌లెస్ కాలర్ మైకు, ఫ్రేములో మైకు కనపడకూడదంటే తల పైన బూమ్ కర్రకు గన్ మైకు. గన్ మైకు ఆరుబయట అద్భుతంగా పనిచేస్తుంది. టైల్స్ వేసిన గదిలో ప్రతిధ్వని కూడా దానిలోకి చేరి మాట డొల్లగా వినిపిస్తుంది. అలాంటి గదిలో కాలర్ మైకే మంచిది. నేల మీద దుప్పట్లు, కిటికీలకు మందమైన తెరలు కూడా సాయం చేస్తాయి. గాలికి మైకు మీద బొచ్చు తొడుగు ఉండాలి.

ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్‌లో మూడు పిన్నులు ఉంటాయి. ఒకే ధ్వని రెండు తీగల మీద ఒకదానికొకటి వ్యతిరేకంగా ప్రయాణిస్తుంది; దారిలో చేరిన కరెంటు గుయ్యిమనే శబ్దం రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కనుక చివర్లో కొట్టుకుపోతుంది. జనరేటర్ తీగల పక్క నుంచి ఇరవై మీటర్ల కేబుల్ లాగినా మాట శుభ్రంగా రావడానికి కారణం ఇదే. గన్ మైకుల్లో చాలావాటికి కెమెరా నుంచి 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు కావాలి. హాలు సౌండ్ మిక్సర్ నుంచి తీగ తీసుకుంటే మాత్రం ఆ 48 ఆపేసి, మీటను మైక్ నుంచి లైన్‌కు మార్చాలి. ఈ రెండూ మర్చిపోతే ధ్వని చీలిపోతుంది, ఒక్కోసారి మిక్సర్ కూడా చెడుతుంది.

పెళ్లిలో అసలు పరీక్ష గట్టిమేళం. పురోహితుడు మెల్లగా మంత్రం చదువుతుంటే లెవెల్ పెంచుతారు. సరిగ్గా ముహూర్తానికి నాదస్వరం, డోలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. డిజిటల్ రికార్డింగ్‌లో సున్నా డీబీ దాటిన ధ్వని శాశ్వతంగా పాడవుతుంది. దీనికి ఉపాయం ఉంది. ఒకే మైకును రెండు ఛానళ్లకూ పంపి, మొదటిదాన్ని మంత్రానికి తగ్గట్టు, రెండోదాన్ని దానికంటే 12 నుంచి 20 డీబీ తక్కువలో పెట్టాలి. మేళం మొదలైన చోట ఎడిటింగ్‌లో రెండో ఛానల్ వాడుకోవచ్చు. మామూలు మాట మైనస్ 20 డీబీ దగ్గర ఆడుతూ, గట్టి మాట మైనస్ 10 దాటకుండా ఉంటే చాలు. హెడ్‌ఫోన్ లేకుండా రికార్డు చేయకూడదు. మీటర్ ముల్లు కదలడం ధ్వని వస్తోందని చెబుతుంది; ఆ ధ్వని మాటా, గుయ్యిమనే రొదా అన్నది చెవికే తెలుస్తుంది.

స్టాండ్, లైట్లు, తీగలు

స్టాండ్‌లో చూడాల్సింది తల. ఫ్లూయిడ్ హెడ్ లోపలి చిక్కని ద్రవం ప్యాన్, టిల్ట్ కదలికలకు సమానమైన నిరోధం ఇస్తుంది. షాటు మొదలు, ముగింపు కుదుపు లేకుండా వస్తాయి. ఫోటో స్టాండ్ మీద వీడియో ప్యాన్ చేస్తే ఎప్పుడూ కుదుపే. చిన్న కెమెరాలకు 75 మిల్లీమీటర్ల గిన్నె, బరువైన వాటికి 100 మిల్లీమీటర్ల గిన్నె ఉన్న స్టాండ్లు సరిపోతాయి. గిన్నె ఉంటే కాళ్లు కదపకుండానే తలను నీటిమట్టానికి తేవచ్చు. కెమెరాను బిగించి, టిల్ట్ లాక్ వదిలి, ముందుకు వంచి చెయ్యి తీస్తే అది అక్కడే నిలవాలి. పడిపోతే బ్యాలెన్స్ కుదరలేదు. మంచి స్టాండ్ కెమెరాలు నాలుగు మారినా అలాగే ఉంటుంది. డబ్బు పెట్టదగ్గ చోటు ఇది. నడుస్తూ తీసినా కుదుపు తెలియనివ్వని గింబల్ కొన్నవారు మొదటి ఏడాది ప్రతి షాటూ దానిమీదే తీస్తారు. నిలకడగా చూడాల్సిన తంతు అంతా తేలుతూ కనిపిస్తే చూసేవాడికి అలసట.

లైట్లలో ఎల్‌ఈడీ ప్యానెళ్లు సన్‌గన్ రోజులను దాదాపు ముగించాయి. కళ్లలోకి కొట్టి వధూవరులకు చెమటలు పట్టించిన ఆ లైటు పోవడం మంచిదే. కొనేటప్పుడు, రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ అంకె 95 దాటిన దాన్నే తీసుకోవాలి. అంతకంటే తక్కువ వాటిలో ఎరుపు చచ్చి, కుంకుమ గోధుమరంగులోకి పోతుంది. లైటు దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి పెద్ద లైటు దూరం నుంచి కొట్టడం కన్నా చిన్న లైటును దగ్గరగా, ముందు తెల్లగుడ్డ కట్టి వాడడం చర్మానికి అందం. సినిమా వాళ్లు వాడే థర్మోకోల్ షీటు కంటే చవకైన, నమ్మకమైన రిఫ్లెక్టర్ లేదు.

బ్యాటరీ లెక్క తేలికే. 20 వాట్లు తీసుకునే కెమెరా 98 వాట్‌-అవర్ బ్యాటరీ మీద దాదాపు ఐదు గంటలు నడుస్తుంది. విమానంలో విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే తీసుకెళ్లాలి. 100 వాట్‌-అవర్ దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే ఎక్కనివ్వరు. కార్డు దగ్గర బిట్లకు, బైట్లకు తికమక పడకూడదు. సెకనుకు 100 మెగాబిట్ల రికార్డింగ్ అంటే 12.5 మెగాబైట్లు, గంటకు 45 జీబీ. దానికి వీ30 గుర్తున్న కార్డు చాలు. అదే 250 మెగాబిట్ల 4కె అయితే గంటకు 112 జీబీ పైనే. కొత్త కార్డును ఒకసారి అంచుదాకా నింపి, వెనక్కి కాపీ చేసి చూడాలి; నకిలీ కార్డులు సగం నిండాక బయటపడతాయి. రెండు కార్డుల్లో ఒకేసారి రికార్డు చేసే సదుపాయం ఉన్న కెమెరాతో ముహూర్తాన్ని ఒక్క కార్డు మీద తీయడం క్షమించరానిది.

పెళ్లిని హాలులోని తెర మీద, యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. అమెరికాలోని అన్నయ్య, వదిన అక్కడి పగటి వేళ కూర్చుని ఇక్కడి రాత్రి ముహూర్తం చూస్తారు. హెచ్‌డీఎంఐ కేబుల్ పది పదిహేను మీటర్లు దాటితే నమ్మకం లేదు, ఎవరి కాలైనా తగిలితే ఊడుతుంది. ఎస్‌డీఐ కేబుల్ బీఎన్‌సీ కనెక్టర్‌తో తిప్పి బిగుస్తుంది, మంచి తీగ మీద హెచ్‌డీ సంకేతం వంద మీటర్ల దాకా పోతుంది. లైవ్ పని ఎక్కువ చేసేవారు ఎస్‌డీఐ లేని కెమెరా కొనకూడదు. వీడియో మిక్సర్‌కు కలిపే కెమెరాలన్నీ ఒకే ఫ్రేము లెక్కలో ఉండాలి.

కొనడం, దాచడం

చేతిలో ఉన్న డబ్బులో సగానికి మించి బాడీ మీద పెట్టకపోవడం మంచి సూత్రం. మిగిలిన సగం లెన్స్, స్టాండ్, మైకులు, లైట్లు, బ్యాటరీలు, కార్డులకు పోతుంది. ఏడాదికి రెండుసార్లు కావాల్సిన లెన్స్‌ను కొనడం కన్నా హైదరాబాద్ కృష్ణానగర్ వైపు అద్దెకు తెచ్చుకోవడం మేలు. పాత కెమెరా కొనేటప్పుడు మెనూలో అది నడిచిన గంటలు చూడాలి. లెన్స్ మూత పెట్టి, గెయిన్ పూర్తిగా పెంచి చూస్తే పాడైన పిక్సెళ్లు తెల్ల చుక్కల్లా కనిపిస్తాయి. లెన్స్‌లోంచి టార్చి వేసి చూస్తే సాలెగూడులాంటి ఫంగస్ బయటపడుతుంది. రెండు ఎక్స్‌ఎల్‌ఆర్‌లూ, రెండు కార్డు స్లాట్లూ విడివిడిగా పరీక్షించాలి. బిల్లు, సీరియల్ నంబరు సరిపోలకపోతే ఎంత చవకైనా వదిలేయాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి కోస్తా ఊళ్లలో ఫంగస్ భయం ఎక్కువ. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్ ఉంటే మంచిది. లేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ సంచులు చాలు. ఆ సంచులను అప్పుడప్పుడూ ఆరబెట్టాలి. తోలు సంచిలో నెలల తరబడి మూసి ఉంచిన లెన్స్ త్వరగా పాడవుతుంది.

తీసిన ఫుటేజీ రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి చేరి, రెండూ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయాలి. ఒక డిస్కు మరో ఇంట్లో ఉండాలి. టేపుల కాలం నాటి రికార్డింగులకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. బీటామ్యాక్స్ క్యాసెట్ల అమ్మకాన్ని సోనీ 2016లో ఆపేసింది. మినీడీవీ, హెచ్‌డీవీ టేపులను ఆడించే యంత్రాలు ఏటా తగ్గుతున్నాయి, కొత్త కంప్యూటర్లలో వాటిని కలిపే ఫైర్‌వైర్ సాకెట్టే లేదు. ఇంట్లో పెళ్లి, అన్నప్రాశన, తాతగారి షష్టిపూర్తి టేపులు ఉన్నవారు, ఆడించే కెమెరా ఎక్కడైనా పనిచేస్తుండగానే వాటిని ఫైళ్లుగా మార్చుకోవాలి.